నది దాటే పెళ్లిళ్లు

ఆదోని అమ్మాయికి సిరుగుప్ప అబ్బాయి.. రాయచూరు అమ్మాయికి ఎమ్మిగనూరు అబ్బాయి. కర్నూలు జిల్లా పడమటి అంచున ఇలాంటి సంబంధాలు కొల్లలు. రాష్ట్రం మారినా పెళ్లి మారదు. మరి ఏ రాష్ట్రంలోనూ చట్టం గుర్తించని జంటల మాటేమిటి? సరిహద్దు వెంట సాగిన ఓ ప్రయాణం ఇది.

ఆదోనిలో రైలు దిగి బయటికొస్తే ముందుగా పలకరించేది ఉగ్గాని వాసన. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టిస్తారు. ఇదే పదార్థాన్ని బళ్లారి వెళ్లి అడగండి.. మండక్కి ఒగ్గరణె అంటారు. పేరు మారుతుంది, రుచి మారదు. ఈ ప్రాంతం సంగతి తెలుసుకోవడానికి ఆ ఒక్క ప్లేటు చాలు!

పత్తి జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు, పెద్ద మార్కెట్ యార్డు.. వ్యాపారం ముమ్మరంగా సాగిన రోజుల్లో ఆదోనిని 'రెండో ముంబై' అనేవారు. ఆ పేరు ఇప్పటికీ ఇక్కడివాళ్ల నోట వినిపిస్తూనే ఉంటుంది. ఊరి మీదికి ఒరిగినట్టుండే కొండల మీద కోట, రణమండల ఆంజనేయస్వామి గుడి. కింద బీజాపూరు సుల్తానుల కాలంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు. మరోవైపు మహాయోగి లక్ష్మమ్మ గుడి. ఇల్లూ వాకిలీ వదిలేసి అవధూతగా తిరిగిన ఆమెను ఊరంతా 'అవ్వ' అనే పిలుస్తుంది. ఏటా రథం లాగుతుంది.

ముహూర్తాల రోజుల్లో షరాఫ్ బజారుకు వెళ్తే కాలు పెట్టడానికి చోటుండదు. ఒక అంగట్లో తెలుగులో బేరం, పక్క అంగట్లో కన్నడంలో, ఆ పక్కన ఉర్దూలో. అంగడి యజమానికి మూడూ వచ్చు. పెళ్లిపిల్ల ఇటు, పెళ్లికొడుకు అటు అయితే శుభలేఖ రెండు లిపుల్లో అచ్చవుతుంది. బంధువులేమో ఒక్కటే. మేనరికాలు, ఇచ్చిపుచ్చుకోవడాలు తరాలుగా సాగుతున్నాయి. ఎందుకంటే ఈ సరిహద్దు కంటే ఆ బంధుత్వాలే పాతవి.

సరిహద్దే తర్వాత వచ్చింది

నిజాం 1800లో ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అవే దత్త మండలాలు. ఆ తర్వాత ఆదోని బళ్లారి జిల్లాలో భాగమై, మద్రాసు పాలనలో నడిచింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్లారి, సిరుగుప్ప వంటివి మైసూరుకు వెళ్లాయి. అంటే అప్పటిదాకా ఒకే జిల్లాలో ఉన్న అత్తారిల్లూ పుట్టిల్లూ ఆ రోజు నుంచి రెండు రాష్ట్రాలయ్యాయి! అయినా ఏ కాపురానికీ ఏమీ కాలేదు. కూతుళ్లు పండక్కి వస్తూనే ఉన్నారు, అల్లుళ్లు అలుగుతూనే ఉన్నారు.

దేవుళ్లకూ అంతే. కౌతాళం మండలంలోని ఉరుకుంద ఈరన్న స్వామికి శ్రావణమాసంలో మొక్కు చెల్లించేవాళ్లలో కర్ణాటకవాళ్లు చాలామంది. హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి మాళమ్మ, మల్లేశ్వరస్వాముల కల్యాణం జరుగుతుంది. ఆ తర్వాత ఉత్సవమూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని తలపడతాయి. తలలు పగిలే ఆ రాత్రికి సరిహద్దు అవతలి నుంచీ జనం వస్తారు.

అలాగని రాష్ట్రం మారితే ఏదీ మారదనుకుంటే పొరపాటు. చాలా కాగితాలు మారతాయి. ఈ ప్రాంతంలో పెద్ద సంఖ్యలో ఉన్న బోయలనే తీసుకోండి. మైదాన ప్రాంతమైన ఇక్కడ వాళ్లు బీసీ-ఎ. అటువైపు కర్ణాటకలో నాయక, వాల్మీకి, బేడరు పేర్లతో ఎస్టీలు. అన్నాతమ్ముళ్ల లాంటి రెండు ఊళ్లు, మధ్యలో ఒక బోర్డు.. ఇటు ఒక సర్టిఫికెట్టు, అటు మరొకటి. ఇక్కడి బోయలను కూడా ఎస్టీల్లో చేర్చాలంటూ 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానమూ చేసింది. పెళ్లయి సరిహద్దు దాటినంత మాత్రాన అమ్మాయి కులం సర్టిఫికెట్టు మారదు. రేషన్ కార్డులో మాత్రం ఇక్కడ పేరు తీయించుకుని అక్కడ చేర్పించుకోవాలి.

ఇన్ని కాగితాల్లో ఏ చిక్కూ లేకుండా సరిహద్దు దాటేది పెళ్లి ఒక్కటే. హిందూ వివాహ చట్టం (1955), ప్రత్యేక వివాహ చట్టం (1954).. రెండూ కేంద్ర చట్టాలు. ఆదోని సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన ధ్రువపత్రం సిరుగుప్పలోనూ చెల్లుతుంది, సిలిగురిలోనూ చెల్లుతుంది.

ఒకప్పుడు ఇది కూడా ఇంత సాఫీగా లేదు. 1949లో మద్రాసు రాష్ట్రం హిందువుల్లో రెండో పెళ్లిని నిషేధించింది, విడాకులకు దారి చూపింది. ఆ చట్టం ఆదోనికి, ఎమ్మిగనూరుకు వర్తించింది. తుంగభద్ర దాటితే రాయచూరు.. అప్పట్లో అది హైదరాబాదు రాష్ట్రం. అక్కడ అలాంటి చట్టం లేదు. నదికి ఈ ఒడ్డున నేరమైన రెండో పెళ్లి ఆ ఒడ్డున నేరం కాదన్నమాట! 1955లో దేశానికంతటికీ ఒకే హిందూ వివాహ చట్టం రావడంతో ఆ తేడా పోయింది.

మగ్గాల ఊరు నుంచి..

ఆదోని నుంచి ఎమ్మిగనూరు సుమారు ముప్పై కిలోమీటర్లు. దారికి రెండు పక్కలా పత్తి చేలు, వేరుశెనగ, అక్కడక్కడా మిరప. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు కూడా కర్ణాటక నుంచి వచ్చేవే. వాన మొహం చాటేసిన ఏడాది ఊళ్లకు ఊళ్లు గుంటూరు మిరప కోతలకూ, బెంగళూరు కట్టడం పనులకూ బయల్దేరతాయి.

ఎమ్మిగనూరు చేనేత ఊరు. 1938లో ఇక్కడ నేతగాళ్ల సహకార సంఘాన్ని స్థాపించిన మాచాని సోమప్ప పేరు ఊళ్లో ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు. ఆయన పద్మశ్రీ అందుకున్నారు. మరమగ్గాలు వచ్చాక మగ్గాల చప్పుడు తగ్గింది. సంక్రాంతి వెళ్లాక నీలకంఠేశ్వరస్వామి జాతరకు మాత్రం ఎక్కడెక్కడికో వెళ్లిన పిల్లలంతా ఊరు చేరతారు.

అలా వెళ్లిన పిల్లలు పట్నాల్లో గదులు అద్దెకు తీసుకుంటారు, కలిసి వండుకుంటారు, జ్వరమొస్తే ఒకరికొకరు కషాయం కాచిపెట్టుకుంటారు. వాళ్లలో కొందరు ఆడపిల్లలు ఆడపిల్లలతోనే, కొందరు మగపిల్లలు మగపిల్లలతోనే జీవితాంతం కలిసి ఉండాలనుకుంటారు. 'మన ఊళ్లో అలాంటివి లేవు' అనుకోవడం తేలిక. ఊళ్లో చెప్పుకోలేక ఊరు దాటినవాళ్లు ఊరివాళ్లు కాకుండా పోరు కదా!

హైదరాబాదు నుంచి సుప్రీంకోర్టుకు

ఈ విషయాన్ని దేశ అత్యున్నత న్యాయస్థానం గడప ఎక్కించిన జంట మన తెలుగు నేల మీద, హైదరాబాదులో ఉంటున్నదే. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. కరోనా రెండో విడతలో ఇద్దరూ జబ్బుపడ్డారు. కోలుకున్నాక, 2021 డిసెంబరులో కుటుంబసభ్యులు, స్నేహితుల మధ్య బెంగాలీ, పంజాబీ ఆచారాలు కలిపి హైదరాబాదు శివార్లలో పెళ్లి వేడుక చేసుకున్నారు. వేడుక అయింది కానీ చట్టం దృష్టిలో అది పెళ్లి కాదు. ప్రత్యేక వివాహ చట్టం కింద తమలాంటివారి పెళ్లిని గుర్తించాలని 2022లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఇతర జంటల పిటిషన్లూ కలిశాయి.

విచారణ సమయంలో కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగింది. ఏడు రాష్ట్రాలు స్పందించాయి. రాజస్థాన్, అస్సాంతో పాటు వ్యతిరేకించిన మూడో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. మిగతా నాలుగూ గడువు కోరాయి.

2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. పెళ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తులూ అన్నారు. చట్టం మార్చాలంటే ఆ పని చట్టసభలదేనన్నారు. అయితే ఇలాంటి జంటల సహజీవనానికి ఏదో ఒక చట్టబద్ధ గుర్తింపు ఉండాలని ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ అభిప్రాయపడ్డారు. జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ పి.ఎస్.నరసింహ అంగీకరించలేదు. ముగ్గురి మాటే తీర్పయింది. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లనూ కోర్టు కొట్టేసింది.

కలిసి ఉండటం నేరమా అంటే, కాదు. 2018 సెప్టెంబరు 6నే సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌లోని ఆ భాగాన్ని తీసేసింది. నేరం కాదు.. పెళ్లీ కాదు. ఈ రెంటి మధ్య ఉంది వాళ్ల కాపురం.

విమానంలో పెళ్లి

ఎమ్మిగనూరులో రాయచూరు బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దామె. ఒళ్లో సంచి, సంచిలో జొన్నరొట్టెలు, శెనగకాయల పొడి. కూతురి దగ్గరికి వెళ్తున్నానంది. "మా పాపను రాయచూరుకు ఇచ్చినాం నాయనా. పోయినేడు కడుపునొప్పని పడిపోయిండె. మేము పోయేసరికే ఆపరేషన్ అయిపాయె. అల్లుడు సంతకం పెట్టినాడంట" అని చెప్పుకొచ్చింది. భార్య ఆంధ్రా, భర్త కర్ణాటక. పుట్టింటివాళ్లు వచ్చేదాకా ఆగమని ఎవరూ అనలేదు. భర్త అన్న మాట ఒక్కటి చాలింది.

ఆమె మాట వింటుంటే అమెరికాలోని ఒహాయో రాష్ట్రం గుర్తొచ్చింది. జిమ్ ఓబర్గ్‌ఫెల్, జాన్ ఆర్థర్ అక్కడ ఇరవై ఏళ్లు కలిసి బతికారు. జాన్‌కు కండరాలను చచ్చుబడేసే వ్యాధి వచ్చింది, మంచం పట్టాడు. చనిపోయేలోగా పెళ్లి చేసుకోవాలనుకున్నారు. ఒహాయోలో చట్టం ఒప్పుకోదు, మేరీల్యాండ్‌లో ఒప్పుకుంటుంది. దాంతో 2013 జులైలో రోగులను తరలించే చిన్న విమానంలో మేరీల్యాండ్ వెళ్లారు. విమానం దిగలేని స్థితి.. రన్‌వే పక్కన విమానంలోనే పెళ్లి చేసుకుని తిరిగొచ్చారు. మేరీల్యాండ్‌లో భర్తలు, ఒహాయోలో ఎవరికెవరూ ఏమీ కారు! అదే ఏడాది అక్టోబరులో జాన్ చనిపోయాడు. మరణ ధ్రువపత్రంలో జీవిత భాగస్వామిగా తన పేరు ఉండాలని జిమ్ పట్టుబట్టాడు. ఆ కేసులోనే 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ ఇలాంటి పెళ్లిళ్లు జరిపించాలి, వేరే రాష్ట్రంలో జరిగినవాటినీ గుర్తించాలి అని తేల్చింది. తీర్పు అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపు. ఆ తర్వాత 2022లో, ఒక రాష్ట్రంలో జరిగిన పెళ్లిని మిగతా రాష్ట్రాలు కాదనకూడదని అక్కడి పార్లమెంటు చట్టమే చేసింది.

మన దగ్గర చిక్కు వేరు. పెళ్లి చట్టం దేశమంతటికీ ఒకటే కాబట్టి ఒక రాష్ట్రంలో చెల్లి మరో రాష్ట్రంలో చెల్లకపోవడం అనేది రాదు. ఒహాయో జంటకు వెళ్లడానికి ఒక మేరీల్యాండ్ ఉంది. ఇక్కడి జంటకు తుంగభద్ర దాటినా అదే చట్టం. భవిష్యత్తులో ఏదైనా రాష్ట్రం సొంతంగా ముందుకొస్తే? పెళ్లి వ్యవహారం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉంది. పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాల కోసం తమిళనాడు 1967లో హిందూ వివాహ చట్టాన్ని తనవరకు సవరించుకుంది కూడా. స్వలింగ జంటలకు అలాంటి దారి ఏ రాష్ట్రమైనా తెరిస్తే, అప్పుడు ఆదోని-సిరుగుప్ప రోడ్డు మీద కూడా ఒహాయో ప్రశ్నే ఎదురవుతుంది.

తెరిచిన కిటికీలు

అలాగని తలుపులన్నీ మూసి లేవు. ట్రాన్స్‌జెండర్ల సంగతి చూడండి. తూత్తుకుడికి చెందిన ఒక యువకుడు, ట్రాన్స్‌జెండర్ మహిళ చేసుకున్న పెళ్లిని రిజిస్టర్ చేయాలని 2019లో మద్రాసు హైకోర్టు చెప్పింది. ఆడ-మగ బంధంలో ఉన్న ట్రాన్స్‌జెండర్లకు ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లాడే హక్కు ఉందని 2023 తీర్పులో సుప్రీంకోర్టూ స్పష్టం చేసింది. కాబట్టి ఎమ్మిగనూరు ట్రాన్స్‌జెండర్ మహిళ రాయచూరు అబ్బాయిని పెళ్లాడితే అది రెండు ఒడ్డులా పెళ్లే. అలాంటి భార్య వేధింపుల కేసు పెట్టొచ్చా అన్న ప్రశ్న 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకొచ్చింది. ఆ కేసును ఆధారాలు చాలవని కొట్టేసినా, ట్రాన్స్‌జెండర్ మహిళ కూడా మహిళే, ఆమె 498-ఎ కింద ఫిర్యాదు చేయొచ్చు అని కోర్టు తేల్చిచెప్పింది.

ఇద్దరు అమ్మాయిల సంగతి 2024 డిసెంబరులో అదే హైకోర్టుకు చేరింది. విజయవాడలో కలిసి ఉంటున్నారు. ఒకమ్మాయిని తండ్రి తీసుకెళ్లి ఇంట్లో ఉంచేశారని రెండో అమ్మాయి ఫిర్యాదు. కోర్టు ఆ అమ్మాయిని పిలిపించి అడిగింది. మేజర్, ఎవరితో ఉండాలో తేల్చుకునే హక్కు ఆమెదేనంది. తల్లిదండ్రులు అడ్డురాకూడదంది. కన్నవాళ్ల మీద ఆ అమ్మాయి కేసు కోరుకోలేదు, కోర్టూ పెట్టించలేదు. 2025 మే నెలలో ఇలాంటి కేసులోనే మద్రాసు హైకోర్టు మరో అడుగు వేసి, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదంది. ఒక హైకోర్టు మాట పక్క రాష్ట్రం కోర్టు తప్పనిసరిగా పాటించాలనేమీ లేదు. కానీ దారి చూపించే దీపంలా పనికొస్తుంది.

కేంద్రమూ కొన్ని చిన్న పనులు చేసింది. ఇలాంటి జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డంకి లేదని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. రేషన్ కార్డు విషయంలో వాళ్లను ఒకే ఇంటివారిగా చూడాలని ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. దగ్గరి బంధువులు లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకోనివ్వాలని ఆరోగ్య శాఖ రాసింది. ఇక వీలునామా ఉండనే ఉంది. సొంత కష్టార్జితాన్ని ఎవరికైనా రాయొచ్చు, ఇద్దరు సాక్షులు చాలు. భార్యాభర్తలకు ఒక్క పెళ్లితో వచ్చేవాటిని వీళ్లు ఒక్కో కాగితంగా పోగేసుకోవాలన్నమాట. వీలునామా లేకుండా ఒకరు కన్నుమూస్తే మాత్రం, ఎన్నేళ్లు కలిసి బతికినా వారసత్వంలో రెండోవారికి చోటు లేదు.

మాధవరం వంతెన మీద

మంత్రాలయం దాటాం. మాధవరం దగ్గర తుంగభద్ర మీద వంతెన. ఎండాకాలం కాబట్టి నదిలో నీళ్లకంటే బండలే ఎక్కువ కనిపిస్తున్నాయి. బస్సు వంతెన ఎక్కేసరికి ఫోన్లన్నీ గుయ్ గుయ్‌మన్నాయి. కర్ణాటకకు స్వాగతమట!

ఏం రాస్తావు నాయనా పేపర్లో.. అని పెద్దామె అడిగింది. ఏమనుకుంటుందోనని కాసేపు తటపటాయించాను. పెళ్లిళ్ల గురించి అన్నాను. ఎట్లాంటి పెళ్లిళ్లు అంది. చెప్పాను. ఇద్దరాడపిల్లలు ఒకే ఇంట్లో భార్యాభర్తల్లా ఉంటామంటున్నారనీ, చట్టం దాన్ని పెళ్లి అనడం లేదనీ.

ఆమె ముక్కున వేలేసుకుంది. "ఇదేం కాలమో" అంది. కిటికీలోంచి నది వైపు చూస్తూ కాసేపు ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. వంతెన దాటాక మళ్లీ తనే నా వైపు తిరిగింది.

"అట్లయితే ఆ పిల్లల్లో ఒకామెకు మా పాప మాదిరే ఆపరేషన్ అయితే ఎట్ల నాయనా? సంతకం ఎవురు పెడతారు?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. సుప్రీంకోర్టు తీర్పు, ఆరోగ్య శాఖ ఉత్తరం, నామినీ కాగితం.. అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆమె అడిగినదానికి అందులో ఏదీ సరిగ్గా సరిపోలేదు. చనిపోయాక శవాన్ని తీసుకెళ్లొచ్చని ఉత్తరం ఉంది. బతికించుకోవడానికి పెట్టే సంతకానికి.. ఆ డాక్టరు మనసే దిక్కు.

రాయచూరు బస్టాండులో ఆమె కోసం కూతురు, అల్లుడు నిలబడి ఉన్నారు. అల్లుడు సంచి అందుకున్నాడు. ముగ్గురూ కన్నడంలో, తెలుగులో కలిపి మాట్లాడుకుంటూ ఆటో ఎక్కారు.